సాటి లేని అధికారి

మా ఆఫీసులో డిప్రెషన్ ఉన్నవాళ్ళం నలుగురం. ఆ సంగతి డిపార్ట్‌మెంటుకు తెలియనంత కాలం మేం కాస్త కుదురుగానే ఉన్నాం.

మాది ఉపకరణాల శాఖ. మిగతా శాఖలకు నిచ్చెనలు, టార్పాలిన్లు, షామియానాలు, జనరేటర్లు కావాలంటే మేం ఇస్తాం. చిరిగి తిరిగొస్తే కుట్టిస్తాం. ఒంగోల్లో ఉన్న ప్రాంతీయ కార్యాలయంలో నేను సీనియర్ అసిస్టెంట్‌ని. నా పేరు చిరంజీవులు. మా అమ్మ ముచ్చటపడి పెట్టుకున్న పేరు. ఒక రెండేళ్ళపాటు ఆ పేరు మొయ్యడం నాకు చాలా కష్టమైంది.

ఆ రెండేళ్ళూ నేను రోజూ ఆఫీసుకు వచ్చాను, ఫైలు తెరిచాను, అదే పేజీ చూస్తూ కూర్చున్నాను, సాయంత్రం ఫైలు మూసి ఇంటికెళ్ళాను. ఎవరికీ అనుమానం రాలేదు. మా ఆఫీసులో అది మామూలు పనితీరే కాబట్టి నా జబ్బు బయటపడే అవకాశం లేకపోయింది.

కనిపెట్టింది ఒక్కడే, గోడౌన్ వాచ్‌మన్ మస్తాన్. ఒకరోజు మధ్యాహ్నం నా టేబుల్ ముందుకొచ్చి నిలబడ్డాడు.

"అన్నం తిన్నారా సార్?"

తిన్నానన్నాను.

"ఏం కూర?"

ఎంత ఆలోచించినా నాకు గుర్తు రాలేదు. అతను ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. వాచ్‌మన్ సీనియర్ అసిస్టెంట్ ముందు కూర్చోవడం మా ఆఫీసులో అదే మొదలు.

"నాక్కూడా గుర్తుండేది కాదు సార్," అన్నాడు.

పదకొండేళ్ళ కిందట మస్తాన్‌కూ ఇదే జబ్బు చేసింది. నాలుగు నెలలు గోడ వైపు తిరిగి పడుకున్నాడట. ఇంట్లోవాళ్ళు తాయెత్తు కట్టించారు, మంచి మాటలు చెప్పారు, తిట్టారు. ఏదీ పనిచెయ్యక చివరికి మానసిక వైద్యుల దగ్గరికి తీసుకెళ్ళారు. అక్కడ రాసిచ్చిన మాత్ర మెల్లగా పనిచేసింది. ఆ మాత్ర పనిచేసేదాకా పక్కన ఒక మనిషి ఉండాలని మస్తాన్‌కు అప్పుడే అర్థమైంది. మర్నాడు నన్ను ఆ డాక్టరు దగ్గరికే తీసుకెళ్ళాడు. క్యూలో నాతోపాటు మూడు గంటలు నిలబడ్డాడు. ధైర్యంగా ఉండమని మాత్రం ఒక్కసారి కూడా అనలేదు.

అలా మా గురువారాలు మొదలయ్యాయి. మూడింటికి టార్పాలిన్ గోడౌన్ వెనక రేకుల నీడలో టీ. కొన్నాళ్ళకు జీపు డ్రైవరు ఏసుపాదం వచ్చి చేరాడు. అతను స్టీరింగ్ ముందు కూర్చుని ఏడ్చేవాడు, ఎందుకో అతనికే తెలియదు. మస్తాన్ మమ్మల్ని పెద్ద ప్రశ్నలు అడిగేవాడు కాదు. స్నానం చేశావా, తిన్నావా, మాత్ర వేసుకున్నావా, అంతే. చెయ్యలేదంటే, "పోనీలే, రేపు చేద్దువు," అనేవాడు.

ఒక గురువారం మా ప్రాంతీయ సంచాలకులు హైమవతి మేడం టార్పాలిన్ల తనిఖీకి వచ్చారు. మేం ముగ్గురం గభాల్న లేచి నిలబడ్డాం. ఆవిడ మమ్మల్ని చూసి, టీ గ్లాసులు చూసి, మడతపెట్టిన టార్పాలిన్ కట్ట మీద కూర్చున్నారు. మస్తాన్ ఒక గ్లాసు టీ అందించాడు.

"నాలుగు నెలల్నించి నేను ఏ ఫైలూ చదవకుండా సంతకం పెడుతున్నాను, చిరంజీవులుగారూ," అన్నారు గ్లాసు అందుకుని. "పొద్దున్నే మంచం దిగాలంటే నూతిలోంచి బయటికి ఎక్కినట్టుంటుంది."

హైమవతి మేడం ఒంటరి మనిషి. ఆఫీసు వెనక క్వార్టర్లో ఉంటారు. ఆ మర్నాటి నుంచి మస్తాన్ పొద్దున్నే ఏడింటికి ఆవిడకు ఫోను చేసేవాడు.

"లేచారా అమ్మా?"

"లేచాను."

"కాళ్ళు కింద పెట్టారా?"

"ఇంకా లేదు."

"పెట్టండమ్మా. నేను లైన్లోనే ఉంటాను."

ఒక్కోరోజు ఆ కాళ్ళు నేలకు ఆనడానికి ఇరవై నిమిషాలు పట్టేది. మస్తాన్ లైన్లోనే ఉండేవాడు. మూడు నెలలు గడిచేసరికి మేడం ఫైళ్ళు చదవడం మొదలుపెట్టారు. ఆఫీసులో కొందరికి అది ఇబ్బందిగా కూడా ఉండింది.

కష్టం అక్కణ్ణించే వచ్చింది. ఏటా పంపే వార్షిక నివేదికలో "ఉద్యోగుల సంక్షేమమునకు తీసుకొన్న చర్యలు" అని ఒక గడి ఉంటుంది. అందులో "తగు చర్యలు తీసుకొనబడుచున్నవి" అని రాయడం ఆనవాయితీ. ఆ ఏడు మేడం ఆ గడిని చదివి, గురువారాల సంగతీ, పొద్దుటి ఫోన్ల సంగతీ రెండు వాక్యాల్లో ఉన్నదున్నట్టు రాశారు. మా శాఖ చరిత్రలో ఆ గడిలో నిజం రాయడం అదే మొదటిసారి.

పదిహేను రోజుల్లో హెడ్ ఆఫీసు నుంచి జాయింట్ డైరెక్టర్ వామనమూర్తిగారు దిగారు. ఆయన అప్పుడే ఏదో శిక్షణ ముగించుకుని, పీర్ సపోర్ట్ అనే మాట నేర్చుకుని వచ్చారు. మాట దొరికింది గానీ మనుషులు దొరక్క వెతుకుతున్నారు. ఇంతలో మేం దొరికాం.

ప్రారంభోత్సవం జరిగింది. జ్యోతి వెలిగించారు. "కలిసి కుంగుదాం, కలిసి పొంగుదాం" అని బ్యానరు కట్టారు. మా నలుగుర్నీ స్టేజీ మీద కూర్చోబెట్టి, మెళ్ళో బంతిపూల దండలు వేసి, లబ్ధిదారులుగా పరిచయం చేశారు. ఏసుపాదం ఏడ్చాడు. ఫొటోగ్రాఫరు ఆ ఫొటో రెండుసార్లు తీశాడు.

సభ అయ్యాక వామనమూర్తిగారు మార్గదర్శకాలు తయారుచెయ్యడానికి నన్ను పిలిచారు.

"ఏమయ్యా, పీర్ అంటే తెలుగులో ఏమనాలి?"

పక్కనే కాఫీ కప్పులు తీస్తున్న మస్తాన్ పీర్ల పండగ సంగతి అనుకుని ఆగాడు.

"సాటివాడు అనొచ్చండి," అన్నాను.

"సాటి అంటే?"

"సమానమండి."

"సమానం అంటే?"

నేను పెన్ను మూత తీశాను.

"స్కేలు," అన్నారాయన. "రాసుకో. రెండవ నిబంధన. సాటివారు అనగా సమాన హోదా, సమాన వేతన స్కేలు కలిగిన ఉద్యోగులు. ఎక్కువ తక్కువ హోదాల వారు ఒకరి సమక్షంలో ఒకరు కుంగుట పాలనా క్రమశిక్షణకు భంగకరము."

"సార్, మేం నలుగురం నాలుగు హోదాల్లో ఉన్నామండి."

"నలుగురూ వేరువేరుగా కుంగండి. ఎవరు కాదన్నారు?"

ఆ తర్వాతి గురువారం నుంచి ఆఫీసులో నాలుగు సమావేశాలు జరిగాయి. మేడం తన గదిలో, నేను రికార్డు రూములో, ఏసుపాదం జీపులో, మస్తాన్ గోడౌన్ వెనక. ఎవరి సమావేశంలో వారే సభ్యులు. మినిట్స్ రాసి పంపాలి. "సభ్యులు ఒకరు హాజరైరి. చర్చ జరగలేదు," అని నేను రాశాను. వారంలో హెడ్ ఆఫీసు నుంచి తాఖీదు వచ్చింది. చర్చ ఎందుకు జరగలేదు, సభ్యుల మధ్య అభిప్రాయభేదములు ఏమైనా కలవా అని. లేవని జవాబు పంపాను. అది పూర్తిగా నిజం కాదు.

మస్తాన్ మాత్రం పొద్దున్నే ఏడింటికి ఫోను చేస్తూనే ఉన్నాడు. మేడం రాసిన నివేదికలో ఆ ఫోన్ల సంగతి కూడా ఉంది కదా. నెల తిరక్కుండా అతనికి అభియోగపత్రం వచ్చింది. చదవమని నాకే ఇచ్చాడు.

"వాచ్‌మన్ అయిన మీరు, ఉన్నతాధికారి పాదములు నేలపై ఉన్నవో లేవో అను విషయమును ప్రతిదినము విచారించినట్లును, వారి స్నానపానాదుల గురించి ప్రశ్నించినట్లును ఈ కార్యాలయము దృష్టికి వచ్చినది. ఇట్టి అవిధేయతకు మిమ్ములను ఉద్యోగము నుండి ఏల తొలగించరాదో తెలుపవలెను. విచారణ ముగియువరకు సదరు అధికారితో ఫోనులోగాని, నేరుగాగాని మాట్లాడరాదు."

మస్తాన్ రెండోసారి చదివించుకున్నాడు.

"అడిగింది నిజమే కదా సార్," అన్నాడు. "ఏమని రాద్దాం?"

అతని కూతురు నర్సింగ్ చదువుతోంది. ఆ ఉద్యోగం తప్ప ఇంట్లో ఇంకో ఆధారం లేదు. ఫోను ఆపెయ్యమని నేనే చెప్పాను. ఆ మాట చెప్పినందుకు నాకు ఈరోజుకీ సిగ్గుగానే ఉంది.

మేడంకు సాటివారిని వెతికే పని హెడ్ ఆఫీసు చాలా శ్రద్ధగా చేసింది. ఆవిడ హోదాలో ఉన్నవాళ్ళు రాష్ట్రం మొత్తం మీద ఇంకా ఇద్దరే. మీకు కుంగుబాటు కలదా అని ఇద్దరికీ లేఖలు వెళ్ళాయి. ఒకాయన లేదని రాశారు. రెండో ఆయన, గోవర్ధన్‌గారు, ప్రస్తుతానికి లేదని రాశారు. "ప్రస్తుతానికి" అన్న మాట హెడ్ ఆఫీసు పట్టుకుంది. ప్రజాప్రయోజనం దృష్ట్యా, ప్రతి గురువారం మూడు నుంచి నాలుగు వరకు ఒంగోలులో కుంగుబాటును పూర్తి అదనపు బాధ్యతగా నిర్వహించాలని ఆయనకు ఉత్తర్వులిచ్చారు.

గోవర్ధన్‌గారు మంచి మనిషి. నవ్వు మొహం, కళ్ళజోడు, చేతిలో ఉత్తర్వు కాగితం. మినిట్స్ రాయడానికి నేను కావాలి గానీ నా హోదా చాలదు. అందుకని పార్టిషన్ వెనక కూర్చుని, వినకుండా రాయమన్నారు.

"నమస్కారం మేడం. నాలుగు గంటల వరకు నేను కుంగుబాటులో ఉంటాను. మీరు మొదలుపెట్టండి," అన్నారాయన.

"ఏం మొదలుపెట్టమంటారు?"

"మీ బాధ. తర్వాత నాది నేను చెప్తాను. ఉత్తర్వులో పరస్పరం అని ఉంది."

మేడం మాట్లాడలేదు. చివరికి గోవర్ధన్‌గారే మొదలుపెట్టారు. మామిడితోటకు తేనెమంచు పురుగు పట్టిన సంగతి, మోకాలి నొప్పి, తమ్ముడితో గట్టు తగాదా, అన్నీ చెప్పారు. చివర్లో ముక్కు కూడా చీదుకున్నారు. నాలుగింటికి లేచి, సంతకం పెట్టి, బయట నా దగ్గర ఆగారు.

"ఆవిడకు పెద్దగా ఏమీ లేనట్టుందయ్యా, ఏమీ చెప్పలేదు. నాకు మాత్రం చాలా తేలిగ్గా ఉంది."

ఇద్దరిలో ఒకరికి మేలు కలిగినందువల్ల పథకం యాభై శాతం ఫలితం సాధించిందని హెడ్ ఆఫీసు ప్రకటించింది.

మేడం మళ్ళీ చదవకుండా సంతకాలు పెట్టడం మొదలుపెట్టారు. నేను గమనించాను. ఒక ఫైల్లో నేను పొరపాటున పెట్టిన నా కరెంటు బిల్లు మీద కూడా సంతకం పెట్టి పంపారు. దాన్ని చేతిలో పట్టుకుని ఆవిడ గది గుమ్మం దాకా వెళ్ళాను. లోపలికి వెళ్ళి "ఏం కూర తిన్నారు మేడం?" అని అడగాలనుకున్నాను. నా సీటు మూడు మెట్లు కింద ఉంది. వెనక్కి వచ్చేశాను.

ఒక సోమవారం ఆవిడ ఆఫీసుకు రాలేదు. ఏదో క్యాంపు అనుకున్నాం. మంగళవారం పొద్దున ఫోను స్విచ్చాఫ్. క్వార్టరు కిటికీలు మూసి ఉన్నాయి. గుమ్మంలో రెండు పాల ప్యాకెట్లు ఎండలో ఉబ్బి పడున్నాయని ఏసుపాదం వచ్చి చెప్పాడు. నేను వామనమూర్తిగారికి ఫోను చేశాను.

"వెళ్ళి చూడమంటారా సార్?"

"ఎవరు చూస్తారు?"

"నేను, మస్తాన్..."

"ఆ కార్యాలయంలో ఆవిడ తలుపు తట్టే హోదా ఎవరికుందో చెప్పు. గోవర్ధన్‌గారు తిరుపతి వెళ్ళారు. గురువారానికి వస్తారు. అంతగా అయితే లిఖితపూర్వకంగా అడుగు, పరిశీలిస్తాం."

ఫోను పెట్టేసి చూస్తే మస్తాన్ నా ఎదురుగా ఉన్నాడు. చెప్పులు వేసుకునే ఉన్నాడు.

"ఉద్యోగం పోతే పోనీండి సార్. నేను వెళ్తున్నా."

"రెండు నిమిషాలు ఆగు," అన్నాను.

మస్తాన్ విధుల పట్టిక తీశాను. మూడో అంశంలో ఉంది: "శాఖకు చెందిన కట్టడములను, తలుపులు, గడియలు, తాళములు సహా, కాపాడుట." మేడం ఉంటున్న క్వార్టరు శాఖది. ఆ తలుపూ శాఖదే. ఒక కాగితం తీసి, ఆ తలుపు గడియ లోపలి వైపు బిగుసుకుపోయినట్టు అనుమానంగా ఉందనీ, వాచ్‌మన్ వెంటనే పరీక్షించాలనీ నోటు రాశాను. ఎన్నో నెలలుగా ఒక పేరా కూడా తిన్నగా రాయలేనివాణ్ణి, ఆ నోటు ఒక్క కొట్టివేత లేకుండా రాశాను. కింద సంతకం పెట్టాను.

ముగ్గురం వెళ్ళాం. ఏసుపాదం జీపు స్టార్ట్ చేసే ఉంచాడు. మస్తాన్ తలుపు మీద మెల్లగా తట్టాడు.

"అమ్మా, మస్తాన్‌ని. తలుపు చూడ్డానికొచ్చా."

లోపల చప్పుడు లేదు. అతను మళ్ళీ తట్టాడు. ఇంకోసారి తట్టాడు. అప్పుడు లోపల ఎక్కడో దూరాన్నించి మాట వినపడింది.

"తలుపు బాగానే ఉంది మస్తాన్. వెళ్ళిపో."

ఆ గొంతు వినగానే ఏసుపాదం మెట్ల మీద కూలబడ్డాడు.

"బయటి వైపు బాగానే ఉందమ్మా," అన్నాడు మస్తాన్. "లోపలి వైపు కూడా చూడమని రాసిచ్చారు."

చాలాసేపటికి గడియ తీసిన చప్పుడైంది. మేడం గోడ పట్టుకుని నిలబడి ఉన్నారు. ఆదివారం నుంచి ఏమీ తినలేదు. మాత్రలు మానేసి రెండు వారాలైందట. మస్తాన్ వంటింట్లోకి వెళ్ళి, డబ్బాలు వెతికి, రవ్వ జావ కాచాడు. ఆవిడ నాలుగు చెంచాలు తాగారు. తర్వాత, "బతకాలని లేదు మస్తాన్," అన్నారు, చాలా మామూలుగా.

"తెలుసమ్మా. నాకూ అలానే ఉండేది. ఆ మాట డాక్టరుగారికి చెబుదాం పదండి."

ఆసుపత్రిలో వెంటనే చేర్చుకున్నారు. కౌంటర్లో ఉన్నమ్మాయి ఫారం నింపుతూ తలెత్తింది.

"మీరు పేషెంటుకి ఏమవుతారు?"

మా శాఖ నిబంధనల ప్రకారం మేం ఆవిడకు ఏమీ కాము.

"సాటివాళ్ళమమ్మా," అన్నాడు మస్తాన్.

ఆ అమ్మాయి రాసేసుకుంది. స్కేలు అడగలేదు.

మందు మార్చారు. మేడం రెండు వారాలు ఆసుపత్రిలో, నెల రోజులు సెలవులో ఉన్నారు. మేం ముగ్గురం వంతులు వేసుకుని వెళ్ళేవాళ్ళం. తలుపు మరమ్మతు పురోగతిలో ఉందని నేను వారం వారం నోటు పెట్టాను.

ఆవిడ డ్యూటీలో చేరిన రోజే వామనమూర్తిగారు ఆపిల్ పళ్ళ బుట్టతో వచ్చారు. మస్తాన్ ఫైలు కూడా తెచ్చారు.

"మీరు సాటి లేని స్థాయికి ఎదిగారు మేడం. దానివల్లే పథకంలో చిన్న ఇబ్బంది వచ్చింది," అన్నారు. "ఇక ఇది. వాచ్‌మన్‌ను నియమించే అధికారి మీరే కనుక, శిక్ష మీ చేతుల మీదుగానే జరగాలి. నిబంధన. నేను కూర్చుంటాను, మీరు కానివ్వండి."

మేడం చిక్కిపోయారు. చీర భుజమ్మీద నిలవడం లేదు. అభియోగపత్రాన్ని మొదటి అక్షరం నుంచి చివరి దాకా నిదానంగా చదివారు. మస్తాన్‌ను పిలిపించారు. అతను చేతులు కట్టుకుని నిలబడ్డాడు. పథకం మొదలయ్యాక ఆఫీసులో వాళ్ళిద్దరూ ఎదురుపడటం అదే మొదలు.

"నా కాళ్ళ గురించి అడిగావా?"

"అడిగానమ్మా."

"ఎన్నిసార్లు?"

"రోజూ. ఆదివారాలు కూడా."

"ఆదివారం ఆఫీసు సెలవు కదా."

"మర్చిపోయానమ్మా."

మేడం నా వైపు తిరిగారు. "రాసుకోండి చిరంజీవులుగారూ." ఆవిడ చెప్పారు, నేను రాశాను.

"అభియోగము రుజువైనది. నేరమును నిందితుడు అంగీకరించెను. సెలవు దినములలో సహితము ఈ తప్పు చేసినట్లు విచారణలో తేలినది. కావున శిక్షగా, ఈ కార్యాలయములో ఇట్టి జబ్బు గల ఉద్యోగులందరి విషయములోను, హోదాతో నిమిత్తము లేకుండ, పదవీ విరమణ పర్యంతము ప్రతిదినము ఇదే తప్పును కొనసాగించవలసినదిగా నిందితుని ఆదేశించడమైనది."

సంతకం పెట్టారు.

వామనమూర్తిగారు కాగితం తీసుకుని చూశారు. "ఇలాంటి శిక్ష నిబంధనల్లో లేదు మేడం."

"వెయ్యకూడదని కూడా లేదు. అభ్యంతరం ఉంటే అప్పీలు చేసుకోవచ్చు."

"చేస్తాను."

"మీరు కాదండీ. అప్పీలు చేసుకునే హక్కు శిక్ష పడినవాడికే ఉంటుంది."

ఆ నిబంధన వామనమూర్తిగారికి కంఠతా వచ్చు. మస్తాన్ దగ్గరికి వెళ్ళి, మొదటిసారిగా అతని భుజమ్మీద చెయ్యి వేశారు.

"చూడు మస్తాన్, నీకు ముప్పై రోజులు గడువుంది. శిక్ష మరీ కఠినంగా ఉందని అప్పీలు పెట్టుకో. కావాలంటే నేనే రాసిపెడతాను."

"వద్దు సార్," అన్నాడు మస్తాన్. "చేసిన తప్పుకు శిక్ష పడాల్సిందే."